ఎదురు పాట

నాకు చూపు పోయాక మా వీధిలో నాతో పోట్లాడే మనిషి లేకుండా పోయింది.

ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. కళ్ళు పోయిన మనిషికి కళ్ళ గురించి దిగులుండాలి గానీ పోట్లాటల గురించి ఏమిటంటారు. కళ్ళ గురించీ దిగులుందండీ. కళ్ళల్లో నీటికాసులని కాకినాడ డాక్టరుగారు చెప్పినప్పుడు, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు వేసుకోవాలని చెప్పినప్పుడు, చివరికి ఆ చుక్కలకి కూడా అది నిలబడనప్పుడు, ఏడవాల్సినంత ఏడ్చాను. ఆ ఏడుపు గురించి రాయడం నాకిష్టం లేదు. ఆ తర్వాత నాకు జరిగిన అన్యాయం గురించి, అది ఎలా తీరిందో దాని గురించి రాస్తాను.

రాస్తాను అంటున్నాను గానీ, నిజానికి ఫోనుకి చెబుతున్నాను, అది రాసుకుంటోంది. తప్పులుంటే మా ఆయన దిద్దుతానన్నారు. బూరెల సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆయన దిద్దే పేరుతో కొట్టేస్తారని నా అనుమానం. అందుకని ఆయన దిద్దాక మా పక్కింటావిడ చేత కూడా చదివించుకుంటానని ముందే చెప్పి ఉంచాను. ఇక పేర్లంటారా, ఎవరి పేరూ రాయను. రాస్తే మళ్ళీ ఏ పెళ్ళిలోనూ నాకు ఆకు వెయ్యరు.

నేను అమలాపురంలో పాతికేళ్ళు జాకెట్లు కుట్టాను. బండారులంక చీర కొనుక్కుని, జాకెట్టు ముక్క చించి, సంచిలో ఆది జాకెట్టుతో సహా తెచ్చి నా ముందు పడేసి, "ఎల్లుండికి కావాలండీ" అనే ఆడవాళ్ళతో గడిచింది నా జీవితం. ఎల్లుండికి ఇచ్చేదాన్ని కాదు. వాళ్ళు వచ్చి దెబ్బలాడేవారు. ఇచ్చిన తర్వాత చంకలో బిగుసుకుందని మళ్ళీ వచ్చి దెబ్బలాడేవారు. "బిగుసుకున్నది జాకెట్టు కాదండీ, మీరు మొన్న పెళ్ళిలో తిన్న భోజనం" అనేదాన్ని. నవ్వుతూనే నాలుగు అనేసి, అడిగినంతా ఇచ్చి వెళ్ళేవారు. మా గోదావరి వాళ్ళకి వెటకారం లేకపోతే ముద్ద దిగదు. ఎదుటి మనిషిని ఒక మాట అనడం, వాళ్ళ చేత రెండు అనిపించుకోవడం మాకు కాఫీ తాగడంతో సమానం.

చూపు పోగానే ఆ కాఫీ బందైపోయింది.

మొదట పక్కింటావిడ మారిపోయింది. ఆవిడ తన కొబ్బరిచెట్ల కాయలు దింపు తీయించినప్పుడల్లా డొక్కలు మా గోడకి ఆనించి కుప్ప పోయించేది. అవి నా వైపు దొర్లేవి. ఆ డొక్కల మీద మేమిద్దరం ఎన్నేళ్ళు పోట్లాడుకున్నామో మా ఇద్దరికీ గుర్తులేదు. నేను కర్రతో తడుముకుంటూ పెరట్లోకి వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ గోడ అవతలి నుంచి మెత్తగా అంది, "మీ కాలికి తగులుతాయేమోనని డొక్కలన్నీ తీయించేసేనండీ. ఏమనుకోకండేం." అనుకోవడానికి ఏం మిగిల్చింది గనక? నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నేను కృతజ్ఞతతో ఏడుస్తున్నాననుకుని, ఆ పూట అరటికాయ వేపుడు కూడా పంపించింది.

కూరలమ్మే ఆయన బేరం మానేశాడు. ఎంతకడిగితే అంతకిచ్చి, "మీ దగ్గరేముందిలెండమ్మా" అనేవాడు. నా దగ్గర పాతికేళ్ళ నుంచి ఉన్నది నోరే కదా, దానికి పని లేకుండా చేశాడు.

వీళ్ళందరి మాట అటుంచితే, మా ఆయన సంగతి మరీ ఘోరం. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఒక పక్క చిల్లర లేదని జనంతో, మరో పక్క ఆలస్యమైందని డ్రైవరుతో రోజంతా అరిచి వచ్చి, ఇంట్లో ఫాను ఎంత స్పీడులో తిరగాలనే దాని మీద నాతో అరిచేవారు. అలాంటి మనిషి నేనేమన్నా "ఆయ్" అనడం మొదలుపెట్టారు. కాఫీలో పంచదార తక్కువైంది అంటే, "ఆయ్, వేస్తాను." ఆ టీవీ పాటలు కట్టేయండి అంటే, "ఆయ్, కట్టేసేను." ఒకరోజు పరీక్ష చేద్దామని, చారు నోట్లో పోసుకుని, "ఇది అచ్చం మీ అమ్మగారు పెట్టినట్టే తగలడింది" అన్నాను. మామూలుగా అయితే ఆ మాటకి మా ఇంట్లో రెండు రోజులు మాటలుండవు. దానికీ "ఆయ్" అన్నారు. ఆరోజు నాకు నిజంగా భయం వేసింది. నేను బతికే ఉన్నానా, ఈయన నాకు మనసులోనే తద్దినం పెట్టేస్తున్నారా అనిపించింది.

నా కుట్టుమిషను కిటికీ పక్కనే ఉండేది. దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని ఆయన అంటే గట్టిగా పోట్లాడదామని కాచుకుని కూర్చున్నాను. ఆయన అనలేదు. చేసేదేమీ లేక నేనే వెళ్ళి దాని ముందు కూర్చునేదాన్ని. సూది తీసేశాను, గుచ్చుకుంటుందని. దారం లేదు, గుడ్డ లేదు, ఊరికే కాలితో తొక్కడం. టకటక టకటక అని అది నడుస్తుంటే కాళ్ళకి కాస్త పనిచేసినట్టుండేది. ఆ చప్పుడుకి నాకు తెలియకుండానే పాతవేవో వరసలు నోట్లోకి వచ్చేవి. మా అమ్మ పెళ్ళిళ్ళలో పాడేది. తలుపు దగ్గర పాటలు, బంతులాట పాటలు, అన్నిటికంటే ముఖ్యం భోజనాల దగ్గర పాటలు. మగపెళ్ళివారు ఆకుల ముందు కూర్చుని తింటుంటే, ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు ఎదురుగా కూర్చుని వియ్యపురాలిని పాటతో ఏడిపించేవారు. ఈ రోజుల్లో పెళ్ళి భోజనాల దగ్గర స్పీకర్లు తప్ప మనుషుల గొంతులు వినపడటం లేదు. అందుకే ఆ వరసలన్నీ మరిచిపోయాననుకున్నాను.

ఇలా ఉండగా ముక్తేశ్వరంలో మావారి తరపు బంధువుల అమ్మాయి పెళ్ళికి వెళ్ళాం. నన్ను భోజనాల దగ్గర ఫాను కింద కుర్చీలో కూర్చోబెట్టి, అందరి హ్యాండ్‌బ్యాగులూ నా ఒళ్ళో పెట్టారు. చూపు లేని మనిషిని కాపలా పెట్టడమేమిటో నాకర్థం కాలేదు. దేనికో ఒకదానికి పనికొస్తున్నాను కదాని ఊరుకున్నాను. కరెంటు పోయి స్పీకర్లు ఆగాయి. నా ఎదురుగా ఆకు ముందు కూర్చున్న పెళ్ళికొడుకు తల్లి గొంతు అప్పుడు స్పష్టంగా వినపడింది. పనసపొట్టు కూరలో ఆవ చాల్లేదట. ఒకసారి చెబితే సరేననుకోవచ్చు. వడ్డించే ప్రతి మనిషినీ ఆపి చెబుతోంది. ఆడపెళ్ళివాళ్ళు నీళ్ళు నములుతున్నారు. నా పాదం నేల మీద దానంతటదే మిషను తొక్కినట్టు ఆడింది. నోట్లోంచి పాట వచ్చేసింది.

పనసపొట్టు కూరలోన ఆవ తగ్గెనా,
వదినగారూ, ఆవ తగ్గెనా?
నాలుక మీదున్న ఘాటు చాలలేదా,
వదినగారూ, చాలలేదా?

ముందు ఒక మూల నుంచి కిసుక్కుమని ఒకరు, ఆ పక్క ఇంకొకరు, చివరికి బంతి బంతంతా నవ్వారు. పెళ్ళికొడుకు తల్లి కూడా నవ్వింది, ఆవిడ గాజుల చప్పుడు నాకు వినపడింది. "ఇంకోటండీ, ఇంకోటి!" అన్నారు. ఇంకోటి కట్టాను. కరెంటు వచ్చినా ఎవరూ స్పీకర్లు పెట్టనివ్వలేదు. ఆ నవ్వు నా చుట్టూ తిరుగుతుంటే నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పను! ఒళ్ళో హ్యాండ్‌బ్యాగులన్నీ కింద పడిపోయాయి. తీసి పెట్టుకోలేదు.

అక్కడి నుంచి నాకు పని దొరికింది. ఎవరో ఫోనులో తీసిన ఆ పాట నలుగురికీ చేరి, పెళ్ళి కుదిరిన ఇళ్ళవాళ్ళు పిలవడం మొదలుపెట్టారు. "మా వియ్యపురాలి మీద కట్టి పెట్టండమ్మా, మీ నోటి చలవ" అని ఫోన్లు. వివరాలు కావాలంటే గొంతు మెసేజీలు పంపేవారు. ఒకావిడ అయితే తన కాబోయే వియ్యపురాలి గురకని రికార్డు చేసి పంపింది. అది ఎలా సంపాదించిందో నేనడగలేదు.

పొద్దున్నే పనులయ్యాక మిషను ముందు కూర్చుని తొక్కుతూ పాట కట్టేదాన్ని. తొక్కుడు వరసకి మాట అడ్డం పడిందంటే ఆ మాట పనికిరానట్టే. నాలుగు మాటలున్న చోట మూడే పట్టేవి. అడ్డొచ్చిన మాటని కత్తిరించాలి, చంకలో గుడ్డ కత్తిరించినట్టు, మరీ లోతుగా పోకుండా. ఒక్కోసారి పాట మొత్తం బాగానే కుదిరి, చివరి మాట దగ్గర బిగుసుకుపోయేది. స్నానం చేస్తున్నా, పప్పు ఏరుతున్నా ఆ ఒక్క మాట కోసం వెతుక్కునేదాన్ని. దొరికిందంటే చాలు, నాలో నేనే పైకి నవ్వేసేదాన్ని. నాకు కొన్ని నియమాలుండేవి. మనిషి రంగు మీద కట్టను. అవిటితనం మీద కట్టను. కట్నం మీద అసలు కట్టను. నా దగ్గర జాకెట్టు కుట్టించుకున్న వాళ్ళ నడుము మీద కట్టను, ఆ కొలతలు నాతోనే పోతాయి. తిండి, గొప్పలు, అలకలు, నిద్ర, నగలు, ఇవి చాలు. ఒక జన్మకి సరిపడా సరుకు.

కళ్ళున్నప్పుడు నేను వేరేవాళ్ళు నేసిన గుడ్డని, వేరేవాళ్ళ కొలతకి కుట్టాను. ఇప్పుడు గుడ్డా నాదే, కొలతా నాదే. ఈ సుఖం నాకు ఇంతకుముందు తెలియదు. పొద్దున్నే లేస్తూనే ఈ రోజు ఏం చెయ్యాలో తెలిసి లేవడం ఎంత బాగుంటుందో, అది పోయి మళ్ళీ వచ్చిన వాళ్ళకే తెలుస్తుంది.

కానీ ఒక్క లోటు ఉండిపోయింది. అది రోజురోజుకీ పెద్దదైంది.

ఈ పాటలకి ఎదురు పాట ఉండాలి. అది ఈ ఆటకి ప్రాణం. మేము ఒకటి అంటే మగపెళ్ళివారి ఆడవాళ్ళు తింటున్న ఆకు ముందు నుంచే ఒకటి అంటారు. వాళ్ళు మా వంటని, మా పందిరిని, పాడేవాళ్ళ గొంతుని, ముక్కుని, మొగుణ్ణి అన్నిటినీ తిడతారు. మా అమ్మ రోజుల్లో మజ్జిగ పోసినా ఆపేవారు కాదట. మా అమ్మ పాడే పాటల్లో సగం వాళ్ళని తిట్టినవి, మిగతా సగం వాళ్ళు అమ్మని తిట్టినవి. రెండూ అంతే ప్రేమగా పాడేది.

నాకు ఎదురు పాట ఎవరూ పాడలేదు. ఎంత ఘాటైన పాట పాడినా సరే, అవతలివాళ్ళు చప్పట్లు కొట్టేవారు. "పాపం, ఎంత బాగా పాడేరండీ!" అనేవారు. ఆ పాపం అనే మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఒక పెళ్ళిలో వియ్యపురాలిని తిండిపోతని, అలకలమారని, నిద్రమొహమని వరసపెట్టి పాడితే, ఆవిడ లేచి వచ్చి నా తల నిమిరి, నాకు చీర పెట్టింది. చీర మంచిదే. వేలితో తడిమి చూస్తే పట్టు అంచు, నేత బిగువు తెలిశాయి. ఇంటికొచ్చి దాన్ని బీరువాలో పడేసి తలుపు ధడేల్మని వేశాను. నేను నిన్ను తిడితే నువ్వు నాకు చీర పెట్టడమేమిటి? అంటే నేను తిట్టినా లెక్కలోకి రానా?

అప్పుడే మా ఆడపడుచు కూతురి పెళ్ళి కుదిరింది. మా ఆడపడుచు మావారికి అక్క. ఆలమూరులో వ్యవసాయం వాళ్ళది. పెళ్ళికొడుకు వాళ్ళది రాజోలు పక్క. ఆవిడ స్వయంగా వచ్చి పిలిచింది. "మరదలా, రాజోలు వాళ్ళు మాటకారులంట. నువ్వు పాడకపోతే మన పరువు పోద్ది. గట్టిగా కట్టు."

"కడతాను గానీ వదినా, వాళ్ళు ఎదురు పాడతారా?" అన్నాను.

వదిన గాజులు సర్దుకుంది. "నువ్వు పాడుతుంటే ఎదురెవరు పాడతారే, పాపం" అంది.

ఆవిడ వెళ్ళాక మా ఆయనతో చెప్పేశాను. "చూడండి, ఇదే ఆఖరు. మనింటి పిల్ల పెళ్ళి. ఇక్కడ కూడా నాకు ఎదురు పాట రాకపోతే, పాటలు మానేస్తాను. గుడ్డిదాని పాటకి చప్పట్లు కొట్టించుకోవడం నాకొద్దు."

"ఆయ్" అన్నారు మా ఆయన.

ఆయ్ అనడానికి ఇదేనా సమయం? మిషను ముందు కూర్చుని, ఆ కోపాన్నంతా తొక్కాను. ఇంత కారంగా నా జన్మలో కట్టలేదు. ఎలాంటి మర్యాదస్థులైనా సహించలేనట్టు కట్టాలని కంకణం కట్టుకున్నాను.

పెళ్ళి కొత్తపేటలో ఫంక్షన్ హాల్లో జరిగింది. పగటి ముహూర్తం. మధ్యాహ్నం వియ్యాలవారి బంతికి ఆకులు వేశారు. క్యాటరింగు వాళ్ళు వంటలన్నీ వడ్డించడం మొదలుపెట్టగానే వదిన నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆకుల ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇదిగో, సరిగ్గా నీకెదురుగా ఉన్న ఆకు వియ్యపురాలిది. దాని పక్కది పెళ్ళికొడుకు పెద్దమ్మగారిది. నేను వెళ్ళి వియ్యపురాలిని తీసుకొస్తాను" అని వెళ్ళిపోయింది. మా వైపు ఆడవాళ్ళు నా వెనక చేరారు. నేను గొంతు సవరించుకున్నాను.

తర్వాత జరిగింది నాకు ఆ సాయంత్రానికి గానీ పూర్తిగా తెలియలేదు. ముందే చెప్పేస్తాను, లేకపోతే మీకూ నాలాగే అయోమయంగా ఉంటుంది. వియ్యపురాలిని మండపం మీద వీడియో వాళ్ళు పట్టుకున్నారు. ఇలా తిరగండి, అలా నవ్వండి అంటూ వదల్లేదు. వదిన ఆవిడ కోసం అక్కడే నిలబడిపోయింది. ఇక్కడ ఆకులో అన్నీ వడ్డించేశారు. వడ్డించిన ఆకుని ఖాళీగా ఉంచకూడదు కదా. వడ్డించే పెద్దాయన అటూ ఇటూ చూసి, తెల్లవారుజాము నుంచి పరుగులు పెట్టి నీరసపడి గుమ్మంలో నిలబడిన ఒక మనిషిని, "రండి బాబుగారూ, కూర్చోండి" అని ఆ ఆకు ముందు కూర్చోబెట్టాడు. ఆ మనిషి మా ఆయన.

మా ఆయనకి షుగరు. ఇంట్లో తీపి నేను ముట్టనివ్వను. పంచదార డబ్బా మూత తీసిన చప్పుడు నాకు పెరట్లో ఉన్నా వినపడుతుంది. అలాంటి మనిషి ఆకులో అప్పుడే వేసిన బూరెలు, పైన నెయ్యి. ఎదురుగా పెళ్ళాం కూర్చుంది, కానీ పెళ్ళానికి కనపడదు. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా తినడం మొదలుపెట్టారు.

నాకు వినపడినదల్లా ఎదురుగా ఒక మనిషి ఆవురావురుమని తింటున్న చప్పుడు. వియ్యపురాలు మంచి ఆకలి మీద ఉందనుకున్నాను. వడ్డించే ఆయన "ఇంకో బూరె వెయ్యమంటారా?" అంటే, మాట లేదు, ఆకు మీద బూరె పడిన చప్పుడు మాత్రం వినపడింది. కట్టుకొచ్చిన పాటలన్నీ పక్కన పెట్టేశాను. ఇంత మంచి సరుకు ఎదురుగా దొరికితే ఎవరు వదులుకుంటారు?

బూరె మీద బూరె వేసి నెయ్యి పోసినాం,
వదినగారూ, నెయ్యి పోసినాం!
ఆకు మిగులుతుందో లేదో చూసి చెప్పండి,
వదినగారూ, చూసి చెప్పండి!

నా వెనక మా ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఇంత బాగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. నా పాట గొప్పతనమే అనుకుని రెచ్చిపోయాను. ఇంట్లో కట్టుకున్నాయన తిండి పెట్టడా అన్నాను. పెళ్ళికొచ్చారా, పస్తులుండి పందెం కాసి వచ్చారా అన్నాను. ప్రతి పాటకీ నవ్వు పెరుగుతోంది. ఎదురుగా నమలడం మాత్రం ఆగిపోయింది. తర్వాత తెలిసింది, ఆయన నోట్లో బూరె పెట్టుకుని మింగలేక, కక్కలేక, లేచి వెళ్ళలేక అలాగే కూర్చున్నారట. రాజోలు వాళ్ళందరికీ పెళ్ళికొడుకు తల్లి అక్కడ లేదని తెలుసు. అయినా ఒక్కరూ నోరు విప్పలేదు. చూపు లేని మనిషికి తప్పు ఎలా చెబుతామని మర్యాద. మా వాళ్ళు కూడా అదే మర్యాదతో, నవ్వుతూనే, నా భుజం తట్టి ఒక్క మాట కూడా చెప్పలేదు.

పాట ఆపాను. చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో, "పాపం..." అన్నారు.

అయిపోయింది అనుకున్నాను. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాను.

అప్పుడు పక్క ఆకు ముందు నుంచి, తాంబూలం నమిలి నమిలి బరువెక్కిన ఒక గొంతు, సరిగ్గా నా వరసలోనే అందుకుంది.

ఆకు ముందు కూర్చున్నది మేము కాదండీ,
వదినగారూ, మేము కాదండీ!
చాటుమాటు బూరెలన్నీ మీ వారివేనండీ,
వదినగారూ, మీ వారివేనండీ!

ఆ మాట నేను అర్థం చేసుకునే లోపలే రెండోది వచ్చింది.

కళ్ళు రెండూ ఎక్కడ పెట్టి మరిచిపోయేరు,
వదినగారూ, మరిచిపోయేరు?
కట్టుకున్నాయన నోటికి తాళమెయ్యక,
వదినగారూ, తాళమెయ్యక?

హాల్లో ఒక్క గ్లాసు కదలలేదు. ఎవరో, "అయ్యయ్యో, అదేం మాటండీ పెద్దమ్మగారూ" అని గొణిగారు. నా వెనక ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసింది, నేను పడిపోతానేమోనని.

నేను నవ్వాను. ముందు చిన్నగా వచ్చింది, తర్వాత ఆపుకోలేకపోయాను. కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వాను. కళ్ళు రెండూ ఎక్కడ పెట్టి మరిచిపోయానట! ఇన్నాళ్ళకి ఒక మనిషి నా కళ్ళ గురించి గుసగుసలాడకుండా, నా మొహం మీద, అదీ పాట కట్టి అడిగింది. నాకు ఆవిణ్ణి పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. కానీ ముద్దులకి అది సమయం కాదు. ఎదురు పాట వచ్చాక ఊరుకుంటే మా అమ్మ పైనుంచి దిగి వచ్చి తంతుంది. కాలు నేలకేసి తొక్కాను.

కళ్ళు పోతే పోయెగాని చెవులు ఉన్నవి,
వదినగారూ, చెవులు ఉన్నవి!
పక్క ఆకు మీద పళ్ళు విరిగే చప్పుడెవరిది,
వదినగారూ, చప్పుడెవరిది?

ఈసారి రాజోలు వాళ్ళు కూడా నవ్వారు. పెద్దమ్మగారు తన పళ్ళని సమర్థించుకుంటూ ఒకటి పాడింది. నేను వాళ్ళ ఊరి కొబ్బరికాయని తిట్టాను. ఆవిడ మా అమలాపురం దోమల్ని పొగిడింది. నా గొంతు కాకి గొంతంది. ఆవిడ గొంతు బస్సు హారనన్నాను. దప్పళం అయింది, పెరుగు అయింది, వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. వీడియో వాళ్ళు మండపం వదిలి మా దగ్గరికి పరిగెత్తుకొచ్చారట. వాళ్ళతోపాటు వదిన, అసలు వియ్యపురాలూ వచ్చారు. ఖాళీ ఆకు ముందు తల వంచుకుని కూర్చున్న మా ఆయన్ని చూసి వియ్యపురాలు అంది, "నా బూరెలు తినేసేరా అన్నయ్యగారూ? పోన్లెండి, తిట్లు కూడా మీరే తినేసేరు."

చేతులు కడుక్కుని పెద్దమ్మగారు నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. గరుకు చేతులు, తమలపాకు వాసన. "వదినగారండీ, ఏమనుకోకండేం. మీరలా పాడతా ఉంటే నోరాగలేదండి. వచ్చేసింది."

"అనుకుంటానండీ" అన్నాను. "చాలా అనుకుంటాను. మా పిల్ల గృహప్రవేశానికి మీ ఇంటికి వచ్చి మరీ అనుకుంటాను."

"ఆయ్, రండి. నేను కూడా కట్టి ఉంచుతాను" అందావిడ.

సాయంత్రం ఆటోలో ఇంటికి బయలుదేరాం. కాలవ గట్టు రోడ్డు, చల్లగాలి, పక్కన మా ఆయన. చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలిసిన నిశ్శబ్దం. ఎన్నో ఏళ్ళ కిందట, అరవడానికి ముందు ఆయన ఊపిరి పీల్చుకునేటప్పుడు ఉండేది.

"బుద్ధుందా నీకు?" అన్నారు హఠాత్తుగా. ఆటో అతను కూడా ఉలిక్కిపడ్డాడు. "ఊరందరి ముందు నన్ను తిండిపోతని పాడతావా? నీ పాటలూ నువ్వూనూ! పస్తులుండి వచ్చేనా నేను? ఆకలేసిన మనిషిని చూసి ఎవరైనా..."

"చూడలేదండీ. అందుకే కదా తిన్నారు. షుగరు పెట్టుకుని బూరెలు తింటారా? పైగా నెయ్యితో!"

"తింటాను! నా నోరు నా ఇష్టం! పొద్దున్నించీ కుక్కలా తిరిగేను, ఒక్క బూరె తింటే..."

"ఒక్కటా? చెవులు పోలేదు నాకు!"

"నీ చెవులు తగలెయ్య!"

నాకు ఏడుపు వచ్చేసింది. చెప్పలేనంత సంతోషంతో వచ్చింది. ఎక్కి ఎక్కి ఏడుస్తుంటే ఆయన ఠక్కున ఆగిపోయారు. గొంతు మళ్ళీ ఆ మెత్తటి గొంతైపోయింది. "అయ్యో, ఏడవకు. ఏదో అనేసేను. ఇంకేం అననులే."

ఆయన మోచెయ్యి వెతికి గట్టిగా పట్టుకున్నాను.

"ఆపకండి," అన్నాను. "ఇంటిదాకా తిట్టండి."

ఆయన ముక్కు చీది, గొంతు సవరించుకుని, "ఆరోజు చారు గురించి మా అమ్మనెందుకన్నావు?" అని మొదలుపెట్టారు.